మూడు గిగాహెర్ట్జుల కొండయ్య

తార్నాకలో కొండయ్యలు చాలామందే ఉన్నారు. ఒట్టి కొండయ్య ఇల్లెక్కడ అంటే, ఏ కొండయ్య అని ఎదురడిగేవారు. కంప్యూటర్ కొండయ్య అంటే మాత్రం పాల బూత్ దగ్గరి మనిషి కూడా నోరు విప్పకుండా సందు చూపించేవాడు. ఆ పేరు జనమే తనకు పెట్టారని కొండయ్య చెప్పుకునేవాడు. నిజానికి పెట్టుకున్నది ఆయనే.

ఆయన సొంతూరు ప్రొద్దుటూరు పక్క. వయసులో ఉండగా హైదరాబాదు వచ్చి యూనివర్సిటీలో గుమాస్తాగా చేరి, నెరిసిన తలతో ఒక ఆఫీసుకు సూపరింటెండెంటయ్యాడు. విద్యార్థుల స్కాలర్‌షిప్పు కాగితాలన్నీ ఆయన బల్ల మీదుగానే పోవాలి. పోవాలి అన్నది నియమం. పోయేవి కావు. ఆ బల్ల మీదికి వచ్చిన ఫైలు అత్తారింటికి వచ్చిన కొత్తల్లుడితో సమానం. మర్యాదలు జరిగేవి గానీ ప్రయాణం మాట ఉండేది కాదు.

అటువంటి కొండయ్య 2006లో సికింద్రాబాదుకు పోయి ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్ కొనుక్కొచ్చాడు. డ్యూయల్ కోర్ అప్పటికి కొత్త మాట. షాపువాడు పెట్టె మీది అంకెలు గడగడా చదివి వినిపిస్తే, కొండయ్య వాటిని విష్ణు సహస్రనామంలా కంఠస్థం చేసుకుని ఆటో ఎక్కాడు. ఇల్లు చేరేలోగా ఆటోడ్రైవరుకు కూడా వచ్చేసింది.

"మూడు గిగాహెర్ట్జులప్పా! ఒకటి కాదు, రెండు కోర్లు. కోరుకు రెండేసి ఎంబీల క్యాష్. ఎనిమిదొందల బస్సు!" అని ఆయన ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పేవాడు.

"ఆ బస్సు తార్నాక మీంచే పోతుందా?" అని భార్య శారద మొదటిసారి తెలియక అడిగింది. తరవాత తెలిసే అడిగేది, బయటివాళ్లు ఉన్నప్పుడు.

గిగాహెర్ట్జ్ అంటే ఆ చిప్పు గుండె సెకనుకు ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చెప్పే లెక్క. క్యాష్ అంటే మాటిమాటికీ కావలసినవాటిని చిప్పు తన చేతికందేలా దాచుకునే చిన్న గూడు. బస్సు అంటే సమాచారం మోసే దారి. ఎక్కువసార్లు కొట్టుకునే గుండె ఎక్కువ పని చేస్తుందని కొండయ్య నమ్మకం. ఆయాసం వచ్చినవాడి గుండె కూడా గబగబానే కొట్టుకుంటుందని ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాడు కాదు.

ఇంత గుండెబలమున్న యంత్రం ఆ ఇంట్లో చేసే పని ఏమిటంటే, పొద్దున పేకాట, సాయంత్రం పేకాట, ఆదివారం కాలనీ సంఘం నోటీసు. ఆ మాత్రానికే లోపలి ఫ్యాను వడ్లమిల్లులా మోగేది. పెట్టె వెనక నుంచి వంద క్యాండిల్ బల్బు వెలిగినంత వేడి వచ్చేది. వానాకాలం ముసురుకు వడియాలు ఎండకపోతే శారద పళ్లెం తెచ్చి కంప్యూటర్ వెనక పెట్టేది. గుమ్మడి వడియాలు పెళపెళలాడేలా ఎండేవి. "ఇంతవరకూ దీనివల్ల ఇంటికి జరిగిన మేలు ఇదొక్కటే" అనేదామె.

కూతురు లావణ్య క్యాంపస్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతోంది. ఆమె ప్రాజెక్టు లెక్కలు ఇంటి కంప్యూటర్ మీద వేస్తే నత్తనడక. అవే లెక్కలు కాలేజీ ల్యాబులో కొత్తరకం డ్యూయల్ కోర్ మీద వేస్తే టీ తాగి వచ్చేసరికి అయిపోయేవి.

"నాన్నా, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందని కాదు, ఒక్కో దెబ్బకు ఎంత పని చేసిందని చూడాలి. మనది పాతరకం. రెండు చిప్పు ముక్కల్ని ఒకే పెంకు కింద పక్కపక్కన అతికించారంతే. ఒకదానితో ఒకటి మాట్లాడాలన్నా బయటికొచ్చి మాట్లాడాలి. కొత్తదాంట్లో రెండు కోర్లూ ఒకే ముక్కలో ఉంటాయి, క్యాష్ కలిసి వాడుకుంటాయి" అని లావణ్య ఒకసారి ఓపికగా చెప్పింది.

"ఆ కొత్తదాని స్పీడెంత?"

"ఒకటీ పాయింటు ఎనిమిది."

"మూడు పెద్దదా, ఒకటీ పాయింటు ఎనిమిది పెద్దదా? ఎమ్మెస్సీ దాకా చదివించినా గదమ్మా, ఇంత మాత్రం తెలీదా?"

లావణ్య మళ్లీ చెప్పలేదు. కొండయ్య తను గెలిచాననుకున్నాడు.

ఆఫీసులో ఆయన పక్క సీటు వీరస్వామిది. భువనగిరి దగ్గరి మనిషి, సీతాఫల్‌మండిలో రైల్వే స్టేషను వెనక సొంతిల్లు. ఆయన కూడా 2008లో కంప్యూటర్ కొన్నాడు. అది ఆ ఒకటీ పాయింటు ఎనిమిదే. దానిలో ఏముందో వీరస్వామికీ తెలియదు. షాపాయన బాగుంటదన్నాడు, తీసుకున్నాడు. కానీ కొండయ్య పకపకా నవ్వేసరికి ఆయనకు రోషం వచ్చింది. అప్పట్నుంచి ఆ రెండు సీట్ల మధ్య పని అనేది లేకుండా పోయింది. సంతకం కోసం వచ్చిన పిల్లలకు సంతకం దొరికేది కాదు గానీ, చెరో పక్క నుంచీ స్పెసిఫికేషన్లు దొరికేవి.

ఇంతలో 2009 చలికాలం వచ్చింది, దాంతోపాటే ఉద్యమం. క్యాంపస్‌లో ప్రతి చెట్టు కిందా మీటింగు, ప్రతి గోడ మీదా జై తెలంగాణ. హాస్టళ్లలో మెస్సులు మూయించినా పిల్లలు కదల్లేదు. ఉద్యోగులంతా కలిసి జేఏసీ పెట్టుకున్నారు. గొంతు పెద్దది కాబట్టి వీరస్వామి అందులో నాయకుడయ్యాడు. కొండయ్య సమైక్యవాది. అందుకాయన దగ్గరున్న కారణం కూడా కంప్యూటరే.

"సూడు వీరస్వామీ! రెండు కోర్లు ఒకే చిప్పులో కాపురం చేస్తాండాయి కాబట్టే దానికంత బలం. రాష్ట్రమూ అంతే. విడగొడితే రెండూ సింగిల్ కోర్లయి మూలన పడతాయి" అన్నాడు ఒకరోజు క్యాంటీన్‌లో అందరి ముందూ.

వీరస్వామి సమోసా కిందపెట్టి, "కాపురం సంగతి సరే గని కొండన్నా, క్యాష్ ఎవరి కాడున్నది? క్యాషంతా మీ కోర్ కాడ, కరెంటు బిల్లు మా కోర్ మీదనా?" అన్నాడు.

క్యాంటీన్ మొత్తం బల్లలు చరిచింది. టీ పోసే అతను కూడా నవ్వాడు. కొండయ్య ముఖం కందగడ్డయింది. "మాటలెందుకు? దమ్ముంటే నీ డబ్బా మా ఇంటికి పట్రా. రెండిట్నీ పక్కపక్కన పెట్టి ఒకే పని చేయిద్దాం" అన్నాడు.

"బరాబర్ తెస్త. వచ్చే బంద్ నాడు తెస్త. ఎట్లాగూ పని ఉండది."

ఆ రోజుల్లో బంద్ కోసం ఎక్కువకాలం ఎదురుచూడవలసిన అవసరం లేదు. ఆ వారంలోనే వచ్చింది. వీరస్వామి తన సీపీయూను దుప్పట్లో చుట్టి స్కూటర్ ముందర నిలబెట్టుకుని సీతాఫల్‌మండి నుంచి బయల్దేరాడు. దారిలో కుర్రాళ్లు బండి ఆపారు. ఆంధ్రా ఆయన కంప్యూటర్‌ను ఓడగొట్టటానికి పోతున్నానని చెప్పగానే టైరు మంటలు పక్కకు జరిపి, జై తెలంగాణ అని సాగనంపారు.

కొండయ్య ఇంటి ముందు గదిలో రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టారు. పక్కింటి నుంచి ఇంకో మానిటర్ అరువు తెచ్చారు. బంద్ కాబట్టి కాలనీలో మగవాళ్లంతా ఖాళీయే. గుమ్మం నిండింది. లావణ్య తన ప్రాజెక్టు లెక్కను రెండిటిలోనూ వేసి, ఒకేసారి నొక్కి, పక్కకు జరిగింది. ఎంత శాతం పని అయిందో తెరల మీద అంకెలు కదులుతున్నాయి.

కొండయ్య పెట్టె పెద్ద చప్పుడుతో మొదలైంది. ఆ చప్పుడు విని, "సూసినారా! అదీ గిగాహెర్ట్జంటే" అన్నాడాయన. వీరస్వామి పెట్టె అసలు ఆన్ అయిందో లేదో తెలియనట్టుంది. కాసేపటికి ఈ తెర మీద పదకొండు, ఆ తెర మీద ఇరవై. ఇంకాసేపటికి ఈ పక్క ఇరవై, ఆ పక్క నలభై దగ్గర.

"మాది నింపాదిగా మొదలుపెట్టి చివర్లో అందుకుంటాది" అన్నాడు కొండయ్య.

"అట్లనే అనుకో" అని వీరస్వామి కాలు మీద కాలేసుకున్నాడు.

శారద వంటింట్లోంచి చూసి, "ఏమండీ, వడియాల పళ్లెం తేనా?" అని అడిగింది.

వీరస్వామి తెర సగం దాటింది. అప్పుడు వినిపించాయి ధన్ ధన్‌మని చప్పుళ్లు. క్యాంపస్ వైపు నుంచి తెల్లటి పొగ. గుమ్మంలోని జనం ఎటువాళ్లటు పరుగెత్తారు. కళ్లు మండటం మొదలైంది. రోడ్డు మీద బూట్ల చప్పుడు, అరుపులు. నలుగురైదుగురు కుర్రాళ్లు ప్రహరీ దూకి వరండాలోకి వచ్చారు. అందులో ఒకడు కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని నేరుగా గదిలోకి వచ్చి కంప్యూటర్ బల్ల పక్కన కూలబడ్డాడు. ఆ చెయ్యి అప్పటికే క్యాంపస్ గేటు దగ్గర లాఠీ దెబ్బకు విరిగి వంకర పోయింది.

కొండయ్య అతన్ని గుర్తుపట్టాడు. నాగేష్ అని జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థి. స్కాలర్‌షిప్పు కాగితం మీద ఒక్క సంతకం కోసం ఏడాదిగా ఆయన ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు.

వెనకే ఒక పోలీసు గదిలోకి దూసుకొచ్చాడు. లాఠీ లేచింది. అది నాగేష్ తల కోసం లేచింది. కానీ కొండయ్య నిలబడ్డ చోటు నుంచి చూస్తే, అది దిగవలసిన దారిలో మూడు గిగాహెర్ట్జులు ఉన్నాయి.

ఆయన ఒక్క అంగలో ముందుకు దూకి, రెండు చేతులూ చాపి పెట్టె మీద బోర్లా పడ్డాడు. పడుతూనే పొగకు గొంతు పూడుకుపోయి, "దీన్ని కొట్టొద్దు! దీన్ని కొట్టొద్దు!" అని అరిచాడు. దెబ్బ ఆయన భుజం మీద పడింది. ఇంకోటి వీపు మీద పడేలోగా శారద అట్లకాడతో వంటింట్లోంచి వచ్చి, "యూనివర్సిటీ సూపరింటెండెంటయ్యా ఆయన! కొంపలో దూరి పెద్దమనిషిని కొడతారా?" అని గావుకేక పెట్టింది. పోలీసు ఒక్కక్షణం తటపటాయించి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

పొగ పలచబడ్డాక చూస్తే కరెంటు పోయింది. రెండు తెరలూ నల్లబడ్డాయి. పందెం తేలలేదు. ఉద్యోగుల నాయకుడు వీరస్వామి కోసం వెతికితే బాత్రూం లోపలి నుంచి గడియ వేసి ఉంది. "పోయిండ్రా?" అని లోపలి నుంచి చిన్న గొంతు వినిపించింది.

వరండాలోంచి కుర్రాళ్లు లోపలికి వచ్చారు. వాళ్ల కళ్లలో నీళ్లు, కొంత పొగవి, కొంత కావు. వాళ్లు విన్నది "దీన్ని" అని కాదు. ఆ పొగలో, ఆ దగ్గులో, "వీణ్ణి కొట్టొద్దు" అని విన్నారు. వాళ్లు చూసింది కూడా అదే. నాగేష్‌కూ, లాఠీకీ మధ్య ఒక కడపాయన పడుకున్నాడు.

"సార్, మీరు లేకుంటె నా తలకాయ పలిగేది" అన్నాడు నాగేష్, పళ్ల బిగువున నొప్పి ఓర్చుకుంటూ.

కొండయ్య నోరు తెరిచాడు. శారద ఆయనకేసి చూసింది. ఆయన నోరు మూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆ ఇంటి ముందు జనం. వాళ్లు కొండయ్యను ఆటోలో ఎక్కించుకుని ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గరికి తీసుకుపోయారు. మెడలో బంతిపూల దండ వేశారు, భుజానికి కట్టు కనిపించేలా. "తెలంగాణ కోసం లాఠీ దెబ్బ తిన్న రాయలసీమ బిడ్డ" అని మైకులో పరిచయం చేశారు. ఆ క్షణంలో కూడా నిజం చెప్పేయవచ్చు. చెబుదామనే ఆయన మైకు దగ్గరికి వెళ్లాడు. కానీ ఎదురుగా వేలమంది ఉన్నారు. కొండయ్య జీవితంలో ఆయన మాట వినటానికి ఒకేచోట అంతమంది ఎప్పుడూ కూర్చోలేదు. ఆఫీసులో నిలబడేవారు, అదీ వేరే దారిలేక.

"సోదరులారా! నా ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంది. మూడు గిగాహెర్ట్జులు. రెండు కోర్లు..." అని మొదలుపెట్టాడు. జనానికి అర్థం కాలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "రెండు కోర్లను ఒకే పెంకు కింద అతికిస్తే ఏమవుతుంది? ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. మాట్లాడాలంటే బయటికి పోవాల. దాంతో వేడెక్కడం తప్ప పని జరగదు! అందుకే సెప్తాండా, ఎవరి కోరు వాళ్లకుండాల! ఎవరి క్యాష్ వాళ్లకుండాల!"

ఆర్ట్స్ కాలేజీ ఈలలతో దద్దరిల్లింది. జనంలో నిలబడ్డ లావణ్య, తను చెప్పిన మాటలను తండ్రి విన్నాడని అప్పుడు తెలుసుకుంది. విన్నది ఏడాది కిందట. ఒప్పుకున్నది ఇప్పుడు, చప్పట్లు ఉన్నాయి కాబట్టి.

ఆ సాయంత్రమే ప్రొద్దుటూరు నుంచి బావమరిది ఫోను. "ఏం బావా, మతి గాని పోయిందా? టీవీలో దండేసుకోని నిలబడినావు? ఇంగ ఈ పక్కకు ఏ మొగం పెట్టుకోని వస్తావు?" కొండయ్య ఫోను చెవికి దూరంగా పట్టుకుని విన్నాడు. పెట్టేశాక శారదతో, "టీవీలో వచ్చిందంట మేయ్" అన్నాడు.

ఆ దండ ఆయనను ఊరకే వదల్లేదు. అదే వేదిక మీద ఇంకో రోజు, నాగేష్ చెయ్యి విరిగి పరిశోధన గ్రంథం ఆగిపోయిందనీ, గడువు దగ్గరపడిందనీ ఎవరో అన్నారు. కొండయ్య లేచి, "నేనున్నా! నా కంప్యూటర్‌లో నేనే టైపు చేసి ఇస్తా!" అన్నాడు. మళ్లీ చప్పట్లు. చప్పట్లు నిమిషం, పని మూడు నెలలు.

విరిగిన చెయ్యి సరిగా అతుక్కోక మళ్లీ కట్టిన సిమెంటు పట్టీతో నాగేష్ ఎండాకాలమంతా రోజూ సాయంత్రం తార్నాక వచ్చేవాడు. శారద ఇద్దరికీ మజ్జిగ ఇచ్చేది. నాగేష్ ఇంగ్లీషులో చెబుతుంటే కొండయ్య టైపు చేసేవాడు. టైపు మాత్రం ఆయనకు నిజంగానే వచ్చు, గుమాస్తాగా నేర్చిన విద్య. గ్రంథం విషయం, పల్లెల నుంచి చదువుకోను వచ్చిన పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఎందుకు ఆలస్యమవుతాయి, ఆ ఆలస్యంలో ఎవరు చదువు మానేస్తారు అన్నది. మొదట్లో కొండయ్య వేళ్లతోనే పని చేశాడు. పోనుపోను చెవులు కూడా పెట్టాడు. రాములవ్వ అనే తల్లి కొడుకు పరీక్ష ఫీజు కోసం గొర్రెలను తెగనమ్మిన కథ వచ్చిన రోజు ఆయన టైపు ఆపి, "ఆ పిల్లోడు ఇప్పుడేం చేస్తాండాడు?" అని అడిగాడు.

"గోల్నాకల మేస్త్రీ కింద పనికి పోతున్నడు సార్."

కొండయ్య మజ్జిగ తాగి మళ్లీ కీబోర్డు దగ్గరికి జరిగాడు.

మే నెల నడుమ ఒకరోజు నాగేష్ చెప్పుకుంటూ వచ్చి ఒకచోట ఆగిపోయాడు. "ఈ పేరా వద్దు సార్. తర్వాతది రాద్దాం."

"ఏం, ఎందుకొద్దు?"

"మంచిగుండది సార్."

"నేనేమన్నా పసిపిల్లోణ్ణా? సెప్పు."

నాగేష్ కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. ఆ ఇంగ్లీషును తెలుగులో చెప్పుకుంటే ఇది: ఒక కార్యాలయంలో ఒక అధికారి, సంతకం కోసం వచ్చిన విద్యార్థులకు ఫైలు చూపించకుండా తన ఇంట్లోని కంప్యూటర్ గొప్పలు చెప్పేవాడు. విద్యార్థులు బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చి, ఆ గొప్పలు విని, తిరిగి వెళ్లేవారు.

కొండయ్య వేళ్లు ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటున్నట్టు కదిలాయి. పేరా చివరికి వచ్చాక ఆయన దాన్ని మొదట్నుంచీ ఒకసారి చదువుకున్నాడు.

"ఒక్క మాట చేర్చకూడదా?" అన్నాడు.

"ఏంది సార్?"

"ఉత్త కంప్యూటర్ అంటే ఏం తెలుస్తాది? మూడు గిగాహెర్ట్జులదని రాయి."

నాగేష్ నవ్వాలా వద్దా అని చూస్తుండగానే ఫ్యాను ఒక్కసారి బొంగురుగా అరిచి ఆగిపోయింది. తెర నల్లబడింది. ఎండకు చిప్పు వేడెక్కి కంప్యూటర్ తనంతట తానే ఆగిపోయింది. ఆ రోజు టైపు చేసినదేదీ దాచలేదు. మళ్లీ ఆన్ చేసేటందుకు శారద తడిగుడ్డా, విసనకర్రా తెచ్చింది. ఆ పేరా కొండయ్య రెండోసారి టైపు చేయవలసి వచ్చింది. సగంలో మళ్లీ ఆగింది. మూడోసారి నాగేష్ చెప్పబోతే, "నువ్వు సెప్పొద్దులే. నాకు నోటికొచ్చేసింది" అన్నాడాయన.

పేరా పూర్తయ్యాక లేచి చొక్కా తొడుక్కున్నాడు. ఎక్కడికని శారద అడిగితే చెప్పలేదు. నడుచుకుంటూ సీతాఫల్‌మండి పోయాడు.

ఉద్యమం విషయంలో మాట మార్చటం సరే, అది చప్పట్ల మధ్య జరిగిపోయింది. అసలు కష్టం ఇది. వీరస్వామి భార్య సోమమ్మ మంచినీళ్లిచ్చి, సర్వపిండి ముక్క పెట్టింది. కొండయ్య ఎండల గురించి మాట్లాడాడు, రైళ్ల గురించి మాట్లాడాడు. చివరికి, "నీ కంప్యూటర్ కొన్నాళ్లు కావాలప్పా. పిల్లోడి థీసిస్సుకు" అన్నాడు.

వీరస్వామి ఈ రోజు కోసమే పుట్టినట్టు కూర్చున్నాడు. "తీస్కపో అన్నా. గని ఒక్క మాట అను. ఒకటీ పాయింటు ఎనిమిదే ఫాస్టు అని అను."

"తెలంగాణ ఇచ్చేసినా గదప్పా! అది సాలదా?"

"అది ఢిల్లీల ఇచ్చేది. నువ్వు ఇచ్చేది ఇదొక్కటే."

కొండయ్య సర్వపిండి నములుతూ ఆలోచించాడు. "సరే. నేనూ ఒక్క మాట సెప్పకుండా ఉంటా. ఆ దినం నువ్వు యాడ గడియేసుకోని కూసున్నావో..."

"ఏంది? యాడ కూసున్నడు?" అని సోమమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. ఆమెకు తెలిసిన కథలో వీరస్వామి ఆ రోజు ముగ్గురు పోలీసులను ఆపాడు.

"ఏం లేదే! తీస్కపో అన్నా, జల్ది తీస్కపో" అంటూ వీరస్వామి తనే వైర్లు పీకటం మొదలుపెట్టాడు.

అయినా కొండయ్య అన్నాడు. గేటు దగ్గర, పెట్టె ఆటోలో పెట్టాక, సోమమ్మకు వినపడకుండా: "నీదే కొంచెం ముందరుంటాది." వీరస్వామికి దాన్ని వినే తీరిక లేదు. వెనక సోమమ్మ పిలుస్తోంది.

ఒకటీ పాయింటు ఎనిమిది చప్పుడు చేయకుండా, ఒక్కసారి కూడా ఆగకుండా, థీసిస్సు పూర్తి చేసింది. నాగేష్ గడువులోగా ఇచ్చాడు. మరుసటి ఏడు డాక్టరేటు వచ్చింది. ఉద్యోగం రాలేదు. హబ్సిగూడలో ఒక ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పుకున్నాడు. అతని స్కాలర్‌షిప్పు కాగితం మీద కొండయ్య సంతకం పెట్టిన మాట నిజం. దాంతోపాటే ఆ దొంతరలోని తక్కినవాటి మీద కూడా పెట్టిన మాట నిజం. అయితే కొత్త దొంతరకు పాత వేగమే. మనిషి మారాడని ఎవరైనా అంటే శారద ఒప్పుకునేది కాదు.

మారింది ఉపన్యాసం. ఇప్పుడాయన పాల బూత్ దగ్గర నిలబడి, "గిగాహెర్ట్జులు సూసి కొనేవోడు మూర్ఖుడప్పా! ఒక్కో దెబ్బకు ఎంత పని చేస్తాదో సూడాల. క్యాష్ కలిసి వాడుకుంటాదా లేదా సూడాల. నేను మొదట్నుంచీ ఇదే సెప్తాండా" అనేవాడు. లావణ్య పక్కనే ఉంటే పాల ప్యాకెట్లు తీసుకుని ముందు నడిచేది.

2011లో సకల జనుల సమ్మె వచ్చింది. ఉద్యోగులంతా పనులు మాని టెంటు కింద కూర్చున్నారు. కొండయ్య ముందు వరసలో, వీరస్వామి పక్కన. ఒక టీవీ చానెల్ అమ్మాయి మైకు పట్టుకుని వచ్చింది. ఈ టెంటులో రాయలసీమవాడు ఉన్నాడని ఆమెకెవరో చెప్పారు.

"సార్, మీది కడప జిల్లా కదా. మీ వాళ్లంతా వద్దంటుంటే మీరెందుకు కూర్చున్నారు?"

కొండయ్య అలవాటుగా గొంతు సవరించుకున్నాడు. కోర్లూ, క్యాషూ నాలుక చివరి దాకా వచ్చాయి. వీరస్వామి సమోసా పక్కన పెట్టి సిద్ధమయ్యాడు. కానీ ఆ పూట ఎందుకో ఆ మాటలు బయటికి రాలేదు. టెంటు అంచున, పల్లె నుంచి అప్పుడే దిగినట్టున్న ఒక ముసలామె కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది. కొండయ్య ఆమె వైపే చూస్తూ అన్నాడు:

"నా బల్ల కాడికి వచ్చినోళ్లను నేను ఊరకే తిప్పినానమ్మా. వాళ్లు పోగొట్టుకున్నది ఒక దినం కాదు. నేను తిప్పితేనే అంత పోతే, ఇంతమంది కూసోని తిప్పితే ఎంత పోయి ఉంటాదో, నాకు లెక్క తెలీదు. అందుకని కూసున్నా."

చానెల్ అమ్మాయి "థాంక్యూ సార్" అని ముందుకు వెళ్లింది. వీరస్వామి పక్కన పెట్టిన సమోసాను తుంచి సగం కొండయ్య చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం వార్తల్లో టెంటును చూపించారు. కొండయ్య పెదాలు కదులుతున్నాయి గానీ మాట వినపడలేదు. పైన వార్తలు చదివే ఆవిడ గొంతు వేశారు. కింద పేరు కొండల్‌రావు, నల్గొండ అని పడింది. ప్రొద్దుటూరు నుంచి ఫోను కూడా రాలేదు. కొండయ్య కాసేపు టీవీ ముందే కూర్చుని, శారదతో, "నా జీవితంలో ఒక్కతూరి సరిగ్గా మాట్లాడినా మేయ్. దాన్నే కోసేసినారు" అన్నాడు.

"ఏం మాట్లాడినారో నాకు చెప్పండి, వింటా" అంది శారద, స్టవ్ ఆపి వచ్చి పక్కన కూర్చుంటూ.

ఆయన చెప్పాడు.